ఊదా రాయల్లా అమెథిస్ట్ కాదండీ: హెటెరోసైట్ కథ

ఊదా రంగు రాయి కనబడితే చాలు, అమెథిస్ట్ అనేస్తున్నారు. ఇంత వింతైన ఖనిజాన్ని అలా తీసిపారేస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

(రాయి దగ్గరగా)

ఇది హెటెరోసైట్. పైన నల్లటి పొర, విరిగిన చోట ముదురు ఊదా. చాకు మొనతో గీయండి, గీత పడుతుంది. మోస్ స్కేలు మీద, అంటే ఖనిజాల గట్టిదనం కొలిచే 1 నుంచి 10 వరకూ ఉన్న కొలమానం మీద, దీని గట్టిదనం 4 నుంచి 4.5 మాత్రమే. అమెథిస్ట్‌ది 7, చాకు దిగదు.

గ్రానైట్ పెగ్మటైట్‌లో, అంటే పెద్ద పెద్ద స్ఫటికాలుండే గ్రానైట్ జాతి రాయిలో, ముందు పుట్టేది ఇది కాదు, నీలిబూడిద రంగు ట్రిఫిలైట్. అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, కొంచెం మాంగనీస్‌తో. ఎక్కడో విన్నట్టుందా? మన విశాఖ మద్దిలపాలెంలో తిరిగే ఈ-ఆటోల్లో ఎల్ఎఫ్‌పి (అదే లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ఉన్నదాన్ని తీసుకోండి. ఛార్జింగ్ పెట్టగానే ఆ పదార్థంలోంచి లిథియం బయటికొచ్చేస్తుంది, ఇనుము ఎలక్ట్రాన్ వదిలేస్తుంది (ఇదే ఆక్సీకరణ), ఫాస్ఫేట్ చట్రం మాత్రం చెక్కుచెదరదు. మిగిలే ఐరన్ ఫాస్ఫేట్‌దీ, హెటెరోసైట్‌దీ ఒకటే నిర్మాణం! భూమిలో ఛార్జర్ పని ఆక్సీకరణ చేసే నీళ్లు చేస్తాయి. పోయే లిథియం బరువులో 4.4 శాతమే, అయినా రాయి రంగే మారిపోతుంది.

సగం ఛార్జయిన ఆటోకి సరిపోయే రాయి కూడా ఉంది, ఫెర్రిసిక్లెరైట్. అందులో ఇనుము ఆక్సీకరణ చెందింది, మాంగనీస్ ఇంకా చెందలేదు. దాని వంతు కూడా అయితే హెటెరోసైట్. మాంగనీస్ కలిపిన బ్యాటరీల్లోనూ ఇదే వరస: ఇనుము 3.4 వోల్టుల దగ్గర, మాంగనీస్ 4.1 దగ్గర ఆక్సీకరణ చెందుతాయి. స్వీడన్‌లోని వారుత్రాస్క్ పెగ్మటైట్‌లో భూగర్భ శాస్త్రవేత్త పెర్సీ క్వెన్సెల్ ఈ మార్పుల్ని 1937లోనే వివరించారు. బ్యాటరీ శాస్త్రవేత్త గుడ్‌ఎనఫ్ బృందం ఎల్ఎఫ్‌పి పరిశోధన పత్రం వచ్చింది 1997లో. అరవై ఏళ్లు ముందు! నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

ఒక్కటే తేడా. ఆటో సాయంత్రానికి డిశ్చార్జ్ అవుతుంది. రాయిలోంచి వెళ్లిన లిథియం నీళ్లతో కొట్టుకుపోయింది, తిరిగి రాదు.

శుభ్రం చేసేటప్పుడు జాగ్రత్త. నల్లపొర మాంగనీస్ ఆక్సైడ్. పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో పోతుంది కానీ క్లోరిన్ వాయువు వస్తుంది. బాత్‌రూమ్‌లో వద్దు, మేడ మీద గాలాడేచోట, గ్లౌజులూ కళ్లద్దాలూ పెట్టుకుని చేయండి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. రంగు తేలగానే తీసేయండి, ఎక్కువసేపు ఉంచితే హెటెరోసైటే కరిగిపోతుంది. తర్వాత నీళ్లు మారుస్తూ నానబెట్టండి.

టైమ్ అయిపోతోంది, గబగబా: నీళ్లు ఇంకా పట్టి మార్పు ముదిరితే స్ట్రెంజైట్, ఫాస్ఫోసిడరైట్, గడ్డిరంగు సూదుల్లో స్ట్రంజైట్ అనే వేరే ఫాస్ఫేట్ ఖనిజాలు వస్తాయి. మన విశాఖ కైలాసగిరి మీద మాత్రం వెతక్కండి. అక్కడిది ఖోండలైట్ అనే వేరే రకం రాయి, దీనికి లిథియం పెగ్మటైట్ కావాలి. కొనేవాళ్లు మరీ మెరిసే ఊదా ముక్క చూస్తే యాసిడ్‌లో ముంచారా అని అడగండి.