చెరువు లెక్క వేరు, ట్యాంకు లెక్క వేరు: కోరల్ రంగుల మీద నెల్లూరులో చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఇంట్లో సముద్రపు నీళ్ల ట్యాంకు పెట్టుకుని కోరల్, అంటే పగడం జాతి జీవులు, పెంచే కుర్రాళ్లు కూర్చున్నారు. వెనక రొయ్యపిల్లల హ్యాచరీ టెక్నీషియన్లు, చెరువు నీళ్లు పరీక్షించే ఆక్వా ల్యాబులవాళ్లు ఉన్నారు. ముందున్నవాళ్లకు కావాల్సిన జవాబులు సగం వెనకున్నవాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆ సగాన్ని ఈ సాయంత్రం ముందుకు లాగడమే నా పని.

వచ్చేటప్పుడే గుమ్మం దగ్గర ఒక తమ్ముడు ఆపాడు. "అన్నా, నా కోరల్ కొన్నప్పుడు ఎర్రగా మెరిసిపోతా ఉండింది, రెండు నెలలకే కాఫీపొడి రంగుకు తిరిగింది. ఏ మందు పొయ్యాలి?" అన్నాడు. మందు దగ్గరికి తర్వాత వద్దాం. దానికన్నా ముందు చట్టం సంగతి ఒకటి తేల్చుకోవాలి.

రాయిలాంటి అస్థిపంజరం కట్టే గట్టి పగడాలన్నీ, సముద్రపు విసనకర్రలతో సహా, 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్నది కూడా ఆ షెడ్యూలులోనే. అండమాన్ నుంచో, మన్నార్ సింధుశాఖ నుంచో ఎవరో తెచ్చారని ముక్క కొంటే అది నేరం. చచ్చిన పగడపు రాయి అయినా అంతే. అందుకని ఈరోజు నేను మాట్లాడేది మష్రూమ్ కోరల్, జోయాంథిడ్, లెదర్ కోరల్, ఈ మెత్తటి రకాల గురించే. ట్యాంకులో పెట్టే రాయి కూడా సిరామిక్‌దో, గని నుంచి తీసిన సున్నపురాయో చాలు. రంగులకు వీటిలో కొరతేమీ లేదు. మష్రూమ్ కోరల్ ఎరుపు సంగతి చెప్తే మీకే తెలుస్తుంది. 1999లో రష్యా శాస్త్రవేత్తలు డిస్కోసోమా అనే ఈ మష్రూమ్ నుంచే ఎర్రగా వెలిగే ప్రొటీన్ ఒకటి బయటపెట్టారు. ఇప్పుడు ప్రపంచం నలుమూలలా ప్రయోగశాలల్లో కణాలను గుర్తుపట్టడానికి దాన్ని వాడుతున్నారు. ఇలాంటిదే పచ్చ ప్రొటీన్ అంతకుముందే జెల్లీఫిష్‌లో దొరికింది. దాని మీద చేసిన పనికి 2008లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. అంత చరిత్ర ఉన్న ఎరుపు మీ ఇంట్లో గోధుమరంగు కింద దాక్కుంటే బాధగానే ఉంటుంది మరి.

దాక్కుంటే అన్నాను, చూశారా. చాలాసార్లు ఎరుపు పోదు, పైన ముసుగు పడుతుంది. కోరల్ ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కణాలు కాపురం ఉంటాయి. వెలుతురు తిని చక్కెరలు చేసి కోరల్‌కు పెడతాయి, కోరల్ వాటికి చోటు ఇస్తుంది, తన వ్యర్థాలనే ఎరువుగా ఇస్తుంది. ఆ నాచు రంగు గోధుమ. ఎరుపు, పచ్చ, ఊదా మాత్రం కోరల్ తన సొంత కణాల్లో చేసుకునే ప్రొటీన్లు. వీటిలో కొన్ని నీలి వెలుతురు మింగి వేరే రంగులో వెలుగుతాయి, కొన్ని వెలగవు, మామూలు రంగు అద్దినట్టు ఉంటాయి. నాచు జనాభా పెరిగితే గోధుమ పైకొస్తుంది. మరీ తగ్గితే కోరల్ పాలిపోతుంది. ఈ రెండిటి నడుమ ఎక్కడో మీరు డబ్బు పెట్టి కొన్న ఎరుపు కనిపిస్తుంది. అది ఎప్పుడూ ఒకచోట నిలిచి ఉండే గీత కాదు, దానితోనే మన తిప్పలన్నీ.

ఒక మాట గట్టిగా చెప్తున్నా. గోధుమరంగు జబ్బు కాదు. గోధుమరంగు కోరల్ కడుపు నిండిన కోరల్. తళతళ మెరిసేదల్లా ఆరోగ్యంగా ఉన్నదీ కాదు. 2020లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని వివరంగా చూపించారు. వేడి ఎక్కువై పగడం తనలోని నాచును పోగొట్టుకున్నప్పుడు, అడ్డులేక లోపలికి దూసుకొచ్చిన వెలుతురుకు కొన్ని పగడాలు ఎండ తట్టుకునే రంగు ప్రొటీన్లను జాస్తిగా తయారుచేస్తాయట. చూసేవాడికి పండగలా ఉంటుంది, అది మాత్రం ఆకలితో ఉంటుంది. ఫోటోలు చూసి మీ ట్యాంకును తక్కువ చేసుకునే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. ఆ ఫోటోల్లో ఎక్కువ భాగం నీలి లైటు కింద, కెమెరాకు పసుపు అద్దం పెట్టి తీసినవే. కోరల్ కొనేటప్పుడు షాపువాణ్ని నీలి లైటు ఆపి తెల్ల లైటు వెయ్యమనండి. వెయ్యనంటే బయటికి వచ్చెయ్యండి.

ఇక నీళ్లు. వెనక వరుసల వాళ్లు ఇక్కడ చెవి ఇటు పెట్టాలి.

వనామీ రొయ్యల చెరువులో మీరు కోరుకునేది రంగున్న నీళ్లు. సెక్కీ డిస్క్ అనే నలుపు తెలుపు బిళ్లను దించి, 30, 40 సెంటీమీటర్ల లోతులో అది కనిపించకుండా పోతే బ్లూమ్, అంటే నీళ్లలో నాచు పెరుగుదల, బాగుందంటారు. బ్లూమ్ పడిపోతే ఎరువు వేసి మళ్లీ లేపుతారు. కోరల్ ట్యాంకులో ఆ బ్లూమ్ నీళ్లలో కాకుండా కోరల్ ఒంట్లో జరుగుతుంది, అంతే తేడా. నైట్రేటు, ఫాస్ఫేటు పెరిగితే లోపలి నాచుకు మేత దొరికినట్టే. చేపలకు మేత ఎక్కువ వేసే ఇళ్లలో కోరల్ గోధుమరంగుకు తిరగడానికి కారణం ఇదే.

అయితే మేత సున్నాకు దించేస్తే రంగు వస్తుందా? ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. ఫాస్ఫేటు పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు గుప్పెళ్లతో వేసి, నీళ్లను అద్దంలా చేసి, కోరల్‌ను మాడుస్తారు. సౌతాంప్టన్ వాళ్లే 2013లో ఇంకో సంగతి చూపించారు: నైట్రేటు ఉండి ఫాస్ఫేటు అందకపోతే పగడం వేడికీ వెలుతురుకూ తట్టుకోలేక త్వరగా తెల్లబడుతుందని. రెండూ ఉండాలి, కొంచెంగా ఉండాలి. మెత్తటి రకాలకు నైట్రేటు 5 నుంచి 15 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు), ఫాస్ఫేటు 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే నాకు నచ్చుతుంది. జోయాంథిడ్ పువ్వులు చిన్నబోయి ముడుచుకుంటున్నాయంటే సాధారణంగా నీళ్లు మరీ శుభ్రమైపోయాయని అనుమానించాలి.

నైట్రేటు తగ్గించడానికి వెనిగర్ పోసే పద్ధతి ఒకటుంది. అదేదో విదేశీ విద్య అనుకోకండి. బయోఫ్లాక్ పద్ధతి రొయ్యల సాగులో బెల్లం, మొలాసిస్ పోసి బ్యాక్టీరియాను పెంచి అమ్మోనియాను కట్టేసే పనిని మీరే చేస్తారు కదా, సూత్రం అదే. తేడా ఒక్కటే: చెరువులో ఆ బ్యాక్టీరియా ముద్దల్ని, అంటే ఫ్లాక్‌ను, రొయ్య తింటుంది, ట్యాంకులో నురగతో మలినాలు లాగే స్కిమ్మరు దాన్ని బయటికి తీయాలి. స్కిమ్మరు లేనివాళ్లు వెనిగర్ జోలికి పోవద్దు. ఒకేసారి ఎక్కువ పోస్తే రాత్రికి ఆక్సిజన్ పడిపోతుంది, అది ఎంత ప్రమాదమో ఏరేటర్లు తిప్పేవాళ్లకు వేరే చెప్పాలా?

ఇప్పుడు ల్యాబు రిపోర్టు చదవడం. నెల్లూరు జిల్లాలోనూ, అటు ఒంగోలు, కొత్తపట్నం వైపూ ఆక్వా ల్యాబులకు కొదవలేదు. ఇంటి ట్యాంకు నీళ్లు ఇచ్చినా పరీక్ష చేసి పెడతారు. చిక్కల్లా లెక్క దగ్గర. కోరల్ పుస్తకాల్లో ఆల్కలినిటీ (నీళ్ల క్షారత) డీకేహెచ్ అనే కొలమానంలో ఉంటుంది, మన ల్యాబు కాల్షియం కార్బొనేట్ పీపీఎంలో ఇస్తుంది. ల్యాబు అంకెను 17.9తో భాగిస్తే డీకేహెచ్ వస్తుంది. 7 నుంచి 9 డీకేహెచ్ కావాలంటే రిపోర్టులో 125 నుంచి 160 దాకా ఉండాలి. ల్యాబు ఇచ్చే కాల్షియం హార్డ్‌నెస్ అంకె 1050 అని చూసి ఒకాయన బెంబేలెత్తి సగం నీళ్లు మార్చాడు. అదీ కాల్షియం కార్బొనేట్ లెక్కే, దాన్ని 0.4తో గుణించాలి, అసలు కాల్షియం 420 వస్తుంది, దాదాపు సముద్రంలో ఉన్నంతే. మెగ్నీషియం హార్డ్‌నెస్ 5300 చూసినా గుండె ఆగక్కర్లేదు, 0.243తో గుణిస్తే సుమారు 1290. నైట్రేటు దగ్గర "నైట్రేట్ నైట్రోజన్" అని రాసి ఉంటే 4.4తో గుణించండి. ఫాస్ఫేటు దగ్గర "ఫాస్ఫరస్" అని ఉంటే 3తో. ఫాస్ఫేటుకు మాత్రం చెరువు కిట్టు పనికిరాదు, మనకు కావాల్సిన సన్నటి తేడా దానికి అందదు. తక్కువ మోతాదును కొలిచే చేతి కలరీమీటరు (నీళ్ల రంగును బట్టి కొలిచే మీటరు) కావాలి.

నీళ్లు ఎక్కడివి అన్నది ఇంకో పెద్ద సమస్య. మైపాడు తీరానికి వెళ్లి డ్రమ్ముతో సముద్రపు నీళ్లు తెస్తే ఉచితమే కదా అంటారు. తీరం దగ్గర నీళ్లు బురదగా ఉంటాయి. పెన్నమ్మ ఉప్పొంగే అక్టోబరు, నవంబరు, డిసెంబరులో ఉప్పు బాగా పడిపోతుంది. మన తీరంలో పగడపు దిబ్బలు లేకపోవడానికి ఈ మంచినీళ్లూ మట్టీ ఒక కారణమే. హ్యాచరీ నీళ్లయితే వడపోసి, క్లోరిన్ పెట్టి, పోగొట్టి ఉంటారు, కొంత నయం. అయినా క్లోరిన్ పూర్తిగా పోయిందో లేదో చూసుకుని, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) ఉందో లేదో కొలిచి వాడండి. చెరువులో నాచుకు మైలుతుత్తం కలిపిన బకెట్టు, మగ్గు ట్యాంకు గదిలోకే రానివ్వొద్దు. రాగి కోరల్‌ను చంపుతుంది.

ఉప్పు పొడి కలుపుకునేవాళ్లకు వాటర్ క్యాన్ నీళ్లు సరిపోవు. ఇంటి ఆర్వోలో కూడా రుచి కోసం కొంత ఖనిజం వదిలేస్తారు. కరిగిన ఖనిజాలను కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 50 దాకా కనిపించొచ్చు. ఆర్వో తర్వాత, మిగిలిన ఖనిజాన్ని పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి పెట్టుకుని, మీటరు సున్నా చూపించాక వాడండి.

రోహిణీ కార్తెలో ట్యాంకు నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఆవిరవదు. ఎండాకాలంలో చెరువు సెలినిటీ (ఉప్పదనం) ఎక్కినట్టే ట్యాంకుదీ ఎక్కుతుంది. రోజూ తగ్గినంత మంచి ఆర్వో నీళ్లే పొయ్యాలి, ఉప్పు నీళ్లు కాదు. వేడి సంగతి: 25 నుంచి 27 డిగ్రీలు మంచిది. మన ఉక్కపోతలో ఫ్యాన్ పెట్టి నీళ్లు చల్లార్చడం అంతగా కుదరదు, గాలిలోనే తేమ ఉంటుంది. నీళ్లు చల్లబరిచే చిల్లరు యంత్రం కొనలేనివాళ్లు ట్యాంకును ఏసీ గదిలో పెట్టుకోండి. అదీ లేకపోతే, నిష్ఠూరంగా ఉన్నా సరే, కోరల్ పెట్టుకోవద్దనే చెప్తాను. మంచినీళ్ల చేపలు కూడా అందంగానే ఉంటాయి.

వెలుతురు. కోరల్ తన రంగు ప్రొటీన్లు చెయ్యడానికి నీలి వెలుతురే ఎక్కువగా పురికొల్పుతుంది, అందులో 420 నుంచి 460 నానోమీటర్ల పట్టీ ముఖ్యం. అలాగని లైటు నూరు శాతానికి తిప్పేస్తే రంగు పరుగెత్తుకు రాదు. మష్రూమ్‌కు పార్ (నాచు వాడుకోగల వెలుతురు కొలత) 50 నుంచి 100 చాలు, జోయాంథిడ్‌కు 150 దాకా ఇవ్వొచ్చు. మష్రూమ్ నడుము బిగించి ముడుచుకుంటే వెలుతురు ఎక్కువైనట్టు, పళ్లెంలా వెడల్పుగా సాగితే తక్కువైనట్టు. లైటు పెంచాలంటే వారానికి అయిదు శాతం పెంచండి. పెంచిన నెలలో నీళ్ల జోలికి పోకండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు మందు. రంగు పెంచుతామనే సీసాలలో ఎక్కువగా అమినో ఆమ్లాలు, పొటాషియం, అయోడిన్, ఇనుము ఉంటాయి. సముద్రంలో పొటాషియం సుమారు 400 పీపీఎం. మీ ట్యాంకులో ఎంతుందో కొలవకుండా సీసా వంచితే అది గుడ్డి వైద్యం. నెలకోసారి పది, పదిహేను శాతం నీళ్లు మార్చేవాడికి పొటాషియం లాంటి ఖనిజాలు చాలావరకు కొత్త నీళ్లతోనే వచ్చేస్తాయి. నన్నడిగితే ఆ డబ్బుతో కలరీమీటరు కొనమంటాను.

జోయాంథిడ్ పెంచేవాళ్లకు ఒక జాగ్రత్త. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. కోసేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో మరిగించొద్దు, ఆవిరితో ఇల్లంతా ఆస్పత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ట్యాంకుకు మూత ఉండాలి.

నీళ్లు తెచ్చినవాళ్లు సీసాలు పక్క బల్ల మీద పెట్టండి. సీసా మీద పేరుతోపాటు నీళ్లు పట్టిన టైము కూడా రాయండి. లైట్లు ఆరాక పట్టిన నీళ్లకు, మధ్యాహ్నం పట్టిన నీళ్లకు పీహెచ్ వేరుగా వస్తుంది, ఆ తేడా చూసి తర్వాత కంగారుపడకుండా. ల్యాబు తమ్ముళ్లు రిఫ్రాక్టోమీటర్లు తెచ్చారు. మీ మీటర్లు కూడా తీయండి, ముందు అందరివీ 35 పీపీటీ ద్రావణంతో సరిచూద్దాం, తర్వాత ప్రశ్నలు.