పిడికిలితో కొలిచే వెలుగు

శ్రోతలకు నమస్కారం.

మాది ఉరవకొండ పక్కన ఒక పల్లె. నా చిన్నప్పుడు వాన లేని ప్రతి రాత్రీ మిద్దె మీదే పడుకునేవాళ్లం. అవి చెనిక్కాయ పీకే రోజులు. పొద్దు పొడవక ముందే కూలీలతో చేనికి చేరాలని మా జేజికి ఒకటే ఆత్రం. ఒక రాత్రి నన్ను తట్టి లేపింది. "లెయ్యి నాయనా, తెల్లారిపోతాంది" అంది. కళ్లు నలుపుకొని చూశాను. నిజమే, తూర్పున తెల్లగా ఉంది.

జేజి కిందికి దిగి పొయ్యి రాజేసింది. సంగటికి ఎసరు పెట్టింది. సంగటి గెలికింది, ముద్దలు చేసింది, సద్ది మూట కట్టింది. ఇంకా తెల్లారలేదు. నేను మిద్దె మీద నుంచి చూస్తూనే ఉన్నాను. వెలుగు అక్కడే ఉంది, కానీ తెల్లారడం లేదు.

పక్కింటి చాచా నమాజుకు లేచాడు. మా ఇంట్లో పొగ చూసి, "ఏంమ్మా, ఇంత రాత్రేళ పొయ్యి ముట్టించినావు?" అని అడిగాడు. "తెల్లారింది కదప్పా" అంది జేజి. ఆయన మిద్దె ఎక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తూర్పుకు చేయి చాపి చెప్పాడు. "ఇది సుబహె కాజిబ్. అబద్ధపు వేకువ. చూడు, నిలువుగా లేచి నిలబడింది. నిజం వేకువ నేల పొడవునా అడ్డంగా పరుచుకుంటుంది. అది సుబహె సాదిక్. రంజాన్ నెలలో మా ఉపవాసం మొదలయ్యేది ఆ రెండోదాని నుంచే."

నిలువుగా ఉంటే అబద్ధపు వేకువ, అడ్డంగా పరుచుకుంటే నిజం వేకువ. ఆ రాత్రి నేను నేర్చుకున్న ఈ ముక్క, తరువాత కాలేజీలో ఫిజిక్స్ చదివినా, పిల్లలకు చెప్పినా, నాకు మరింత ఇష్టమైందే గానీ పాతబడలేదు. అరబ్బులు ఆ నిలువు వెలుగును తోడేలు తోక అన్నారు. అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది. తోక అంటే సరిగ్గా తోకే.

ఇంతకీ ఏమిటది? దుమ్ము. సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగే తలంలోనే సన్నటి దుమ్ము కూడా పరుచుకొని ఉంది. తోకచుక్కలు రాల్చినది, గ్రహశకలాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటే లేచినది. సూర్యుడు ఇంకా నేల కింద ఉండగానే ఆ దుమ్ము మీద పడిన ఎండ మన కంటికి అందుతుంది. రాశులన్నీ ఆ దారిలోనే ఉన్నాయి కాబట్టి దీన్ని రాశిచక్ర కాంతి అంటారు. 1683లో పారిస్‌లో కాసిని అనే శాస్త్రవేత్త దీన్ని శ్రద్ధగా గమనించి, ఇది సూర్యుడి చుట్టూ ఉన్న పదార్థం మీద పడి వస్తున్న వెలుగేనని చెప్పాడు.

చుక్కను కొలవడం తేలిక. అది ఒక చోట ఉంటుంది, పక్కన చీకటి ఉంటుంది. ఈ వెలుగుకు అంచు లేదు. పొగమంచులా పరుచుకుని ఉంటుంది. పెద్ద టెలిస్కోపు తెస్తే ఇంకా బాగా కనిపిస్తుందని అనుకుంటాం. కనిపించదు. టెలిస్కోపు చుక్కలను ప్రకాశవంతం చేస్తుంది గానీ, పరుచుకున్న వెలుగును పెద్దది చేసి చూపిస్తుందే తప్ప చిక్కన చేయలేదు. దీనికి మామూలు కళ్లే మేలు.

శాస్త్రవేత్తలు దీన్ని ఎలా కొలుస్తారంటే, ఆకాశాన్ని చిన్న చిన్న గళ్లుగా అనుకుంటారు. ఎంత చిన్నవంటే, పున్నమి చందమామ ముఖంలో అలాంటివి పాతిక లక్షలకు పైగా పడతాయి. ఒక్కో గడి ఎంత మసక చుక్కతో సమానంగా వెలుగుతోందో చెబుతారు. మంచి చీకటి ఉన్న చోట ఆ అంకె 22 దగ్గర ఉంటుంది, పెద్ద నగరంలో 18 లేదా ఇంకా తక్కువ. అంకె పెరిగేకొద్దీ చీకటి పెరుగుతుంది. నాలుగు అంకెల తేడా అంటే వెలుగులో దాదాపు 40 రెట్ల తేడా. అరచేతిలో పట్టే స్కై క్వాలిటీ మీటర్ అనే పరికరాన్ని ఆకాశం వైపు పెట్టి బటన్ నొక్కితే ఈ అంకె చూపిస్తుంది.

అయితే అసలు కష్టం తీసివేతలో ఉంది. అమావాస్య రాత్రి కూడా ఆకాశం పూర్తి నలుపు కాదు. పగలు ఎండ తగిలిన గాలి రాత్రంతా తానే సన్నగా వెలుగుతుంది. నేల నుంచి దాదాపు 100 కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ పరమాణువులు పచ్చటి వెలుగు ఇస్తాయి. దాని మీద దుమ్ము వెలుగు, దాని మీద పాలపుంత, మన వీధి దీపాలు సరేసరి. అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. విడదీసేదెలా? వాటి నడతను బట్టి. పాలపుంత చుక్కలతోపాటు కదులుతుంది. దుమ్ము వెలుగు ఏడాది పొడవునా సూర్యుడి వెంట పోతుంది. గాలి వెలుగు భూమిని అంటిపెట్టుకుని, గంట గంటకూ మారుతూ ఉంటుంది. వీధి దీపాల వెలుగు టౌను ఉన్న దిక్కునే ఉంటుంది, ఎక్కడికీ పోదు.

ఈ తీసివేత ఎంత దూరం పోయిందో ఒక్క మాట చెబుతాను. 2015లో ప్లూటోను దాటిన న్యూ హొరైజన్స్ నౌక 2023లో భూమికి, సూర్యుడికి మధ్య ఉన్న దూరానికి 57 రెట్ల దూరం నుంచి చీకటిని కొలిచింది. అక్కడ దుమ్ము వెలుగు దాదాపు లేదు. అంతకుముందు కొలతల్లో, తెలిసినవన్నీ తీసేసినా లెక్కకు అందని వెలుగు మిగిలింది. ఇదేదో కొత్త విషయమని అందరూ ఆత్రపడ్డారు. పాలపుంతలోని దుమ్ము మీద పడి చెదిరిన వెలుగును ఈసారి ఇంకా సరిగ్గా తీసేశారు. 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం మిగిలింది మనకు తెలిసిన గెలాక్సీల వెలుగుకు సరిపోయింది. కొత్తదేమీ బయటపడలేదని కొందరికి నిరాశ కలిగి ఉండొచ్చు. నాకు మాత్రం చాలా సంతోషమైంది. లెక్క కుదిరింది మరి.

ఇక మనం చేయగలిగింది. మనం ఉన్నది భూమధ్యరేఖకు 15 డిగ్రీల దగ్గర. ఇక్కడ సూర్యుడి దారి నేల మీద నిటారుగా లేస్తుంది కాబట్టి, ఈ వెలుగు చూడడానికి యూరప్ వాళ్ల కంటే మనకు వీలెక్కువ. మహాలయ అమావాస్య నుంచి విజయదశమి దాకా తెల్లవారుజామున చందమామ ఉండడు. వానల రోజులే, మబ్బు పడితే పడుతుంది. కానీ వాన వెలిసిన మరుసటి రోజు గాలి కడిగినట్టు ఉంటుంది, అలాంటి రోజు వదలకండి.

నాలుగు గంటలకు లేవండి. టౌను వెలుగు తూర్పున లేని చోటు చూసుకోండి. సెల్‌ఫోన్ జేబులోంచి తీయకండి, ఒక్కసారి తెర చూస్తే కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడడానికి అరగంట పడుతుంది. వెలుగు వైపు సూటిగా కాకుండా కొంచెం పక్కకు చూడండి, మసక వెలుగు అప్పుడే బాగా తెలుస్తుంది. మఖ నక్షత్రం గుర్తుపట్టగలిగితే వెలుగు దాని వైపే ఒరిగి ఉంటుంది.

ఇప్పుడు చేయి పూర్తిగా చాపి పిడికిలి బిగించండి. ఒక కన్ను మూసి చూస్తే పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి ఒకదాని మీద ఒకటి పిడికిళ్లు పెట్టుకుంటూ పైకి పోండి. నిలువు వెలుగు ఎన్నో పిడికిలి దగ్గర చీకట్లో కలిసిపోతోంది? మంచి చీకటిలో నాలుగు, ఐదు పిడికిళ్లు సులువుగా దాటుతుంది. టౌనులో ఒక్కటి కూడా తేలదు. మీటర్ లేకుండానే మీ ఊరి చీకటి ఎంతో తెలిసిపోతుంది. అయిదు కాబోయే వేళకు నేల అంచున తెల్లదనం అడ్డంగా పరుచుకోవడం మొదలవుతుంది, ఇక అక్కడితో కొలవడం ఆపేయాలి.

మా మిద్దె మీద నుంచి ఇప్పుడు ఆ వెలుగు సగమే కనిపిస్తుంది. తూర్పున ఊరి చివర ఒక దీపం పెట్టారు. దాని వెలుగు నేల మీద ఎంత పడుతుందో, ఆకాశంలోకి అంత పోతుంది. పైన ఒక రేకు మూత పెడితే చాలు, దారికీ వెలుగు పెరుగుతుంది, మిద్దె మీద వాళ్లకూ ఆకాశం మిగులుతుంది. మీ ఊళ్లో కొత్త దీపాలు వేసేటప్పుడు ఈ మాట పంచాయతీలో ఒకసారి అడగండి.

పిడికిళ్ల లెక్క, తేదీ, టైము ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మళ్లీ శివరాత్రికి ముందు వారం, పొద్దు గుంకిన గంటంబావుకు, ఇదే వెలుగు పడమట నిలబడుతుంది. అప్పుడు అదే చోటు నుంచి, అదే పిడికిలితో కొలవండి.

సెలవు.