సూపర్‌కొలైడర్ రివ్యూ: సర్వర్ బూట్ అవ్వట్లేదా?

నమస్తే అండీ, వైజాగ్ ఎంవీపీ కాలనీ నుంచి. ఈరోజు సూపర్‌కొలైడర్ చూద్దాం. కోడ్ రాస్తే సౌండ్ వస్తుంది, అదీ దీని పని. జేమ్స్ మెకార్ట్‌నీ 1996లో తెచ్చాడు, 2002లో ఓపెన్ సోర్స్ చేశాడు. పైసా కట్టక్కర్లేదు. సౌండ్‌కి వంక పెట్టలేం. నా గొడవంతా మొదట్లోనే.

ఇన్‌స్టాల్ చేస్తారు, ఒక లైన్ రాసి రన్ కొడతారు... చప్పుడే లేదు! కింద మెసేజ్‌లు కనిపించే పోస్ట్ విండోలో 'సర్వర్ నాట్ రన్నింగ్' అని ఒక ముక్క. విసుగొచ్చి తీసి పారేసేవాళ్లు ఇక్కడే తీసి పారేస్తారు.

అసలు సంగతేంటంటే, ఇందులో రెండు ప్రోగ్రాములున్నాయి. మీ కోడ్ చదివేది ఎస్‌సీలాంగ్. సౌండ్ చేసేది ఎస్‌సీసింత్, సర్వర్ అంటే అదే. రెండూ మీ లాప్‌టాప్‌లోనే ఉన్నా ఓఎస్‌సీ, అంటే ఓపెన్ సౌండ్ కంట్రోల్ అనే పద్ధతిలో పంపుకునే మెసేజ్‌లతోనే మాట్లాడుకుంటాయి. జగదాంబ దగ్గర టిఫిన్ సెంటర్లో టోకెన్ తీసుకున్నారు, లోపల పొయ్యి వెలిగించలేదు. దోసె ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే ముందు ఎస్ డాట్ బూట్ అని రన్ చేసి సర్వర్‌ని లేపాలి.

అది కూడా ఫెయిలైందా? పోస్ట్ విండోలో పైకి స్క్రోల్ చేసి, ఎర్రర్ అన్న మాట మొదట ఎక్కడుందో అక్కడ చదవండి. ఇదిగో నా మ్యాక్‌లో: ఇన్‌పుట్ శాంపుల్ రేట్, అంటే సెకనుకు సౌండ్‌ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క, ఒకటి, అవుట్‌పుట్ ఇంకొకటి, మ్యాచ్ అవ్వట్లేదు అంటోంది. దొంగ ఎవరో తెలుసా? బ్లూటూత్ ఇయర్‌బడ్స్! మైక్ ఆన్ అవ్వగానే దాని రేటు కిందికి పడిపోతుంది, స్పీకర్లేమో 48000 దగ్గర ఉంటాయి. మైక్ అవసరం లేకపోతే ఎస్ డాట్ ఆప్షన్స్ డాట్ నమ్ ఇన్‌పుట్ బస్ ఛానల్స్ ఈక్వల్స్ సున్నా అని ఇచ్చి, ఎస్ డాట్ రీబూట్ కొట్టండి. రీబూట్ మర్చిపోవద్దు, ఆప్షన్లు మళ్లీ బూట్ అయినప్పుడే పట్టుకుంటాయి. మైక్ కావాలంటే ఇయర్‌బడ్స్ పక్కన పెట్టి వైరు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, లేదా మ్యాక్‌లోని ఆడియో మిడి సెటప్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండిటికీ ఒకే రేటు పెట్టండి.

ఇంకో రకం. నిన్న క్రాష్ అయింది, ఇవాళ బూట్ అవ్వట్లేదు. పాత ఎస్‌సీసింత్ లోపలే బతికుండి సర్వర్ మెసేజ్‌లు అందుకునే 57110 పోర్టు పట్టుకుని కూర్చుంటుంది, కొత్తదానికి చోటివ్వదు. సర్వర్ డాట్ కిల్ ఆల్ అంటే సరి. విండోస్ వాళ్లు మాత్రం డివైజ్ లిస్టు కూడా ఓసారి చూసుకోండి, ఒకే సౌండ్ కార్డు ఎమ్ఎమ్ఈ, వాసాపి, ఏసియో అనే డ్రైవర్ల పేర్లతో వరసగా కనిపిస్తుంది. లైవ్‌లో లేటు లేకుండా రావాలంటే ఏసియో తీసుకోండి.

బూట్ అయిందా? చూడండి, వైట్ నాయిస్, అంటే ఉస్స్ మనే చప్పుడు తీసుకుని, పై శ్రుతుల్ని కోసేసే లో పాస్ ఫిల్టర్‌లోంచి పంపి, ఫిల్టర్‌ని నెమ్మదిగా పైకీ కిందికీ ఊపుతున్నా. విన్నారా? ఆర్కే బీచ్! రెండు లైన్ల కోడ్ అంతే. దీనికోసమే ఈ తిప్పలన్నీ పడొచ్చంటాను.

రివర్బ్‌లు, డిలేలు ఎక్కువ వేస్తే 'అలాక్ ఫెయిల్డ్' అంటుంది. అంటే సర్వర్‌కి మెమరీ చాల్లేదని. ఎస్ డాట్ ఆప్షన్స్‌లో మెమ్ సైజ్ మామూలుగా 8192 కిలోబైట్లే, పెంచి రీబూట్ చేయండి.

కొనచ్చా అని అడక్కండి, ఫ్రీ కదా! కోడ్ అంటే భయం లేనివాళ్లు వెంటనే పెట్టుకోండి. రేపు సాయంత్రమే స్టేజ్ షో ఉందంటే మాత్రం ఈ వారానికి దీని జోలికి పోకండి.