స్టెరాయిడ్ మొదలైన రోజే ఎముకల గురించి అడగండి

అందరికీ నమస్కారం. కీళ్లవాతం, ఆస్తమా, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు) లాంటివాటికి నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ముందుగా ఒక మాట. ఇది చెడ్డ మందు కాదు. 1948లో కీళ్లవాతంతో సరిగా కదల్లేని ఒక మహిళకు అమెరికా డాక్టర్ ఫిలిప్ హెంచ్ బృందం ఇదే కోవకు చెందిన కార్టిసోన్ ఇస్తే, కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకు, మరో ఇద్దరికి కలిపి నోబెల్ ఇచ్చారు. ప్రాణాలు నిలబెట్టే మందే, కాకపోతే ఎముకలకు పడదు.

మన ఒంట్లో పాత ఎముకను తినేసే కణాలు, కొత్త ఎముకను కట్టే కణాలు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. స్టెరాయిడ్ కట్టే కణాలను చంపుతుంది, తినేవాటి ఆయుష్షు పెంచుతుంది. తిన్న కాల్షియం పేగుల్లో సరిగా ఒంటికి పట్టదు, మూత్రంలో మామూలుకన్నా ఎక్కువ పోతుంది. పైగా తొడ కండరాలు నీరసిస్తాయి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోతున్నారంటే, పడిపోయే ప్రమాదం కూడా పెరిగినట్టే.

నాకు ఎక్కువ భయం కలిగించేది దీని వేగం. ఎముక బాగా కరిగేది మొదటి ఆరు నెలల్లోనే. స్కాన్‌లో సాంద్రత తగ్గినట్టు కనిపించకముందే ఎముక విరగొచ్చు. ముందు దెబ్బ వెన్నుపూసల మీద పడుతుంది. అవి నొప్పి లేకుండానే నలిగిపోతాయి కూడా. అందుకే మందు మొదలుపెట్టినప్పుడే ఎత్తు కొలిపించి రాసిపెట్టుకోండి. తర్వాత రెండు మూడు సెంటీమీటర్లు తగ్గితే అది వయసని వదిలేయకండి, వెన్ను ఎక్స్‌రే తీయించండి.

ప్రెడ్నిసొలోన్ రోజుకు 2.5 మిల్లీగ్రాములు, ఆపైన, మూడు నెలలకు మించి వాడాల్సివస్తే "నా ఎముకల సంగతేంటి డాక్టర్?" అని మీరే అడగండి. కాల్షియం, విటమిన్ డి ఎంత కావాలో, ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ అవసరమో కాదో ఆయన చెబుతారు. ముప్పు ఎక్కువగా ఉంటే ఎముక కరగకుండా ఆపే అలెండ్రోనేట్ లాంటి మందులు రాస్తారు. వారానికోసారి వేసుకునే ఆ మాత్రను పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంటపాటు ఏమీ తినకుండా, పడుకోకుండా ఉండాలి. లేకపోతే అన్నవాహిక ఒరుసుకుపోతుంది.

ఇదంతా విని టెన్షన్‌తో ఇంటికెళ్లి స్టెరాయిడ్ ఆపేయకండి, దయచేసి. చాలాకాలం వాడాక ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. మోతాదు మెల్లగా తగ్గించాల్సింది డాక్టరే.

ఇంకొకటి, తుంటి. తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడొచ్చు. గజ్జల్లో నొప్పి తగ్గకుండా వేధిస్తుంటే, ఎక్స్‌రే బాగుందన్నా ఊరుకోకండి. మొదట్లో అది ఎంఆర్‌ఐలోనే బయటపడుతుంది.