పక్షవాతం తరువాతి ఏళ్లు

శ్రోతలకు నమస్కారం.

పక్షవాతం వచ్చిన మనిషిని ఒంగోలులోనో నెల్లూరులోనో ఆసుపత్రిలో చేర్చి, కొన్ని వారాలు ఫిజియోథెరపీ చేయించి, కర్ర ఊతంతో నాలుగడుగులు వేయగలిగిన నాడు ఇంటికి తీసుకువస్తాము. చూడవచ్చిన బంధువులు ‘ప్రాణం దక్కింది, అదే పదివేలు’ అని వెళతారు. ఆ మనిషికి ఇంకా ఎన్నో ఏళ్ల జీవితం ఉండవచ్చు. ఆ ఏళ్లు ఎలా గడవాలో మన ఇళ్లలో మాట్లాడుకోవడం చాలా తక్కువ.

‘ఆరు నెలల్లో వచ్చిందే, తరువాత ఇక రాదు’ అనే మాట మన ఊళ్లలో బలంగా నాటుకుపోయింది. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుందన్నది నిజమే. అయితే మెదడులో దెబ్బతిన్న భాగం చేసే పనిని మిగిలిన భాగాలు కొంతవరకు నేర్చుకోగలవు. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడం వల్లనే ఆ నేర్పు అబ్బుతుంది గనుక, ఏడాది దాటిన తరువాత కూడా సాధన చేసేవారిలో చేతి పట్టు, నడక, మాట మెరుగుపడవచ్చు. సాధన మానితే వచ్చిన బలం కూడా తగ్గి, కండరాలు బిగుసుకొని, వేళ్లు ముడుచుకుపోతాయి.

ఇక్కడ మన ప్రేమే ఒక్కొక్కసారి అడ్డు వస్తుంది. అన్నం ముద్దలు కలిపి నోట్లో పెడతాము, చొక్కా మనమే తొడుగుతాము. మింగడంలో ఇబ్బంది లేని మనిషి అయితే, ముద్ద నోటిదాకా చేరడానికి ఎంతసేపు పట్టినా, సగం మెతుకులు ఒడిలో పడినా, ఆయన్నే తిననివ్వాలి. చొక్కా తొడుక్కునేటప్పుడు ముందు బలం తగ్గిన చేతిని, విప్పేటప్పుడు ముందు బాగున్న చేతిని అనే వరుస అలవాటైతే ఆ పనికి మరొకరు అక్కరలేదు. పళ్లెంలో గుప్పెడు శనగలు పోసి, ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేయమనడం వేళ్లకు మంచి వ్యాయామం. కూర్చున్న మనిషిని లేపేటప్పుడు మాత్రం బలం లేని చేతిని పట్టి లాగకూడదు. భుజం కీలు జారితే ఆ నొప్పి ఏళ్ల తరబడి వేధిస్తుంది.

రక్తపోటు మామూలుగా ఉందని మాత్రలు సొంతంగా మానేయడం రెండోసారి పక్షవాతాన్ని పిలవడమే. రోజుకు ఉప్పు ఒక చెంచాడు, అంటే 5 గ్రాములు దాటకూడదు కనుక ఊరగాయ, ఎండుచేపలు తగ్గించాలి. చుట్ట పూర్తిగా మానాలి. సదరం శిబిరంలో 40 శాతం వైకల్యం నిర్ధారణ అయితే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోవలసింది మనసును. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరు కుంగుబాటుకు లోనవుతారు. తిండి సయించక, ఎవరితోనూ మాట్లాడక గోడవైపు తిరిగి పడుకుంటే ఇంట్లోవారు దాన్ని మొండితనం అనుకుంటారు. అది చికిత్స ఉన్న జబ్బు, వైద్యునికి చెప్పాలి. మాట తడబడినంత మాత్రాన తెలివి తగ్గిందని అనుకోవడం మరింత అన్యాయం. ఈ ఏడు చేలో పొగాకు వేయాలా, శనగ వేయాలా అన్నది ఆయన ఎదుటే ఇతరులు తేల్చేయకుండా, ఆయన్నే అడిగి, మధ్యలో మాట అందించకుండా జవాబు వచ్చేదాకా ఆగాలి.