గూగుల్ అనలిటిక్స్ 4 రివ్యూ: బెజవాడ చీరల దుకాణానికి ఇది పనికొస్తుందా?

నమస్కారం. మంగళగిరి నేత చీరలను విజయవాడలోని దుకాణంలోనూ, సొంత వెబ్‌సైట్‌లోనూ అమ్మే వ్యాపారి అవసరాలను దృష్టిలో పెట్టుకుని ఈ రోజు గూగుల్ అనలిటిక్స్ 4ను పరిశీలిద్దాం. వెబ్‌సైట్‌కు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారో, అక్కడ ఏం చేశారో లెక్కగట్టి చూపే ఈ ఉచిత సాధనం 2020 అక్టోబరులో వచ్చింది; ఇది 2023 జూలై నుంచి పాత యూనివర్సల్ అనలిటిక్స్ స్థానంలోకి వచ్చింది. ఇది మంచి సాధనమే అయినా, గూగుల్ ఇచ్చిన సెట్టింగులను అలాగే వదిలేస్తే వ్యాపారిని తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం.

మన దగ్గర చీర ఫొటో, దాని లింకు కస్టమర్‌కు చేరేది ఎక్కువగా వాట్సాప్‌లోనే. ఆ లింకు నొక్కినవారు ఎక్కడి నుంచి వచ్చారన్న సమాచారం సాధారణంగా వెంట రాదు కాబట్టి, అనలిటిక్స్ వారిని ‘డైరెక్ట్’ పద్దులో వేస్తుంది. జనం మన పేరు గుర్తుపెట్టుకుని నేరుగా వస్తున్నారని వ్యాపారి భావించి, నిజంగా అమ్మకాలు తెస్తున్న వాట్సాప్ పనిని తగ్గించుకునే ప్రమాదం ఉంది. పంపే ప్రతి లింకుకూ యూటీఎం ట్యాగ్ (ఆ లింకును ఎక్కడ పంచామో తెలిపేలా దాని చివర చేర్చే గుర్తు) జోడిస్తే ఈ చిక్కు తీరుతుంది.

పండగల లెక్క ఇంకా ముఖ్యం. విజయదశమి 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. అంటే 2025లో ఇంద్రకీలాద్రిపై నవరాత్రులు చాలావరకు సెప్టెంబరులోనే ముగిశాయి. అక్టోబరును అక్టోబరుతో పోల్చి, దసరా అమ్మకాలు పడిపోయాయని బెంగపడి, ప్రకటనలకు అదనంగా డబ్బు పోయడం చాలా అన్యాయమైన ఖర్చు. పండగకు ముందు 3 వారాలను నిరుటి పండగకు ముందు 3 వారాలతోనే పోల్చాలి. మనకు కావలసిన నివేదికలను మనమే తయారు చేసుకునే ఎక్స్‌ప్లోరేషన్స్ విభాగంలో ఈ పోలిక చేయాలంటే ఏడాది నాటి వివరాలు నిలిచి ఉండాలి, కానీ గూగుల్ మామూలుగా వాటిని 2 నెలలే ఉంచుతుంది. డేటా రిటెన్షన్‌ను, అంటే వివరాలను నిల్వ ఉంచే గడువును, ఈ రోజే 14 నెలలకు మార్చండి, చెరిగిపోయినవి మళ్లీ రావు.

నాకు బాగా నచ్చింది ఫనెల్ నివేదిక. చీర చూసినవారిలో, కార్ట్‌లో వేసినవారిలో ఎంతమంది డబ్బు కట్టేదాకా వచ్చారో, మిగిలినవారు ఏ దశలో ఆగిపోయారో స్పష్టంగా చూపిస్తుంది. ఎందుకు ఆగారో మాత్రం చెప్పదు. అది డెలివరీ ఖర్చు వల్లనో, ఫొటోలోని రంగుపై నమ్మకం కుదరకనో తెలియాలంటే, కౌంటర్ దగ్గర సేల్స్ సిబ్బంది రోజూ వినే ప్రశ్నలను పుస్తకంలో రాయించి, ఈ నివేదిక పక్కన పెట్టుకుని చదవాలి.

ఊళ్ల నివేదికను నేను అంతగా నమ్మను. అది ఐపీ అడ్రస్‌ను (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే సంఖ్యను) బట్టి వేసే అంచనా కాబట్టి, మొబైల్ డేటా వాడే గుంటూరు కస్టమర్ హైదరాబాద్‌వాసిగా నమోదు కావచ్చు. ఆర్డర్లలోని పిన్‌కోడ్‌లే మేలు.

వెబ్‌సైట్ లేని దుకాణాలకు ఇది అవసరం లేదు. ప్రతి కస్టమర్ చివరిసారి ఎప్పుడు కొన్నారు, ఎన్నిసార్లు కొన్నారు, మొత్తం ఎంత ఖర్చుపెట్టారు అన్న వివరాలను బిల్లుల నుంచి ఎక్సెల్‌లోకి తీసుకుంటే చాలు. మార్కెటింగ్‌లో దీన్ని ఆర్‌ఎఫ్‌ఎం విశ్లేషణ అంటారు. తరచుగా కొంటూ ఈ మధ్య రావడం మానేసినవారి జాబితాను ముందుగా తీయండి. బిల్లు రాసేటప్పుడు సందేశాలకు సమ్మతి తెలిపినవారికే కబురు పంపండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా ఆ సమ్మతికే ప్రాధాన్యం ఇచ్చింది.