‘పానం బాగలేదు’ అన్న మాట వెనుక: డిప్రెషన్‌ను వైద్యులు ఎలా నిర్ధారిస్తారు?

(దృశ్యం: నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు ఒక పల్లె. ఇంటి అరుగు మీద కూర్చున్న యాభై ఏళ్ల రైతు.)

వ్యాఖ్యానం:
ఈ రైతు ఈ వీడియో కోసం మేము కల్పించుకున్న మనిషి. అయితే ఆయన చెప్పే మాటలు మాత్రం నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లోని ఓపీ గదుల్లో వినిపించేవే. “పానం బాగలేదు సార్. ఒళ్లంత నొస్తున్నది. రాత్రి మూడింటికే మెల్కువైతున్నది. తినబుద్ధి అయితలేదు.” ఆయన రెండు నెలల్లో ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర నాలుగుసార్లు గ్లూకోజ్ ఎక్కించుకున్నారు, దిష్టి తీయించుకున్నారు, తాయెత్తు కట్టించుకున్నారు. “బాధగా ఉందా?” అని అడిగితే లేదనే చెబుతారు. అది అబద్ధం కాదు. తన అవస్థకు ఆయన పెట్టుకున్న పేరు బాధ కాదు, అంతే.

(తెరపై: రెండు వారాలు, తొమ్మిది లక్షణాలు, కనీసం ఐదు)

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రచురించిన డీఎస్‌ఎం-5 అనే మానసిక జబ్బుల నిర్ధారణ గ్రంథం ప్రకారం, తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ కనిపిస్తూ, మనిషి పనికీ సంసారానికీ అడ్డుపడుతూ ఉంటేనే దానిని డిప్రెషన్ అనాలి. నిద్రలో తేడా, ఆకలిలో తేడా, నీరసం, కదలికలు మందగించడం లేదా నిలకడ లేకపోవడం, తాను పనికిరానివాడిననే భావన, మనసు నిలవకపోవడం, చావు గురించిన ఆలోచనలు ఇందులో ఏడు. మిగిలిన రెండూ కీలకమైనవి: మనసు కుంగిపోవడం, ఇష్టమైన పనుల మీద ఆసక్తి చచ్చిపోవడం. ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పనిసరిగా ఉండాలి. రెండూ ఉండాలన్న నియమం లేదు. అందుకే బాధ లేదన్న రైతును వైద్యుడు అక్కడితో వదిలిపెట్టకూడదు. “పొద్దున లేవంగనే ఎడ్ల కాడికి పోబుద్ధి అయితున్నదా?” అని అడిగితే, అసలు జవాబు అప్పుడు బయటికి వస్తుంది.

ఇక్కడ ఇంటివాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు. “బోరు ఎండిపోయింది, అప్పు మీద పడ్డది, రంది ఉండదా సార్?” రంది అనే మన మాటలో దిగులూ ఉంది, లోలోపల కుమిలిపోవడమూ ఉంది, జబ్బు మాత్రం లేదు. మామూలు రంది నలుగురు వచ్చి కూర్చుంటే కొంత తగ్గుతుంది, వాన పడితే ఇంకొంత తగ్గుతుంది. డిప్రెషన్‌లో పడిన మనిషికి వాన పడినా అది తన కోసం పడినట్టు అనిపించదు. కారణం కనిపిస్తున్నంత మాత్రాన జబ్బు లేదని తేల్చడానికి వీల్లేదు. ఆప్తులు పోయిన తొలి రెండు నెలల్లో సాధారణంగా ఈ నిర్ధారణ చేయకూడదన్న పాత మినహాయింపును కూడా 2013లోనే తొలగించారు. దాని మీద వాదోపవాదాలు జరిగాయి కానీ, నా దృష్టిలో ఆ మార్పు సరైనదే.

ఒంటి నొప్పుల విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగిన ఊళ్లలో నడుము, మోకాళ్లు పట్టేయడం నిజమైన ఎముకల జబ్బు. కాబట్టి నల్లగొండలో నొప్పి అనగానే అందరి చూపూ నీళ్ల మీదికే పోతుంది. కానీ ఏళ్లుగా నొప్పితో ఉన్నవాళ్లకు డిప్రెషన్ వచ్చే అవకాశం మరింత ఎక్కువ. రెండు జబ్బులూ ఒకే ఒంట్లో ఉండవచ్చు.

(తెరపై: పీహెచ్‌క్యూ-9, మార్కులు 0 నుంచి 27)

తీవ్రతను అంచనా వేయడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10 లేదా అంతకు మించితే లోతుగా పరీక్షించాలి. మార్కులు చూసి జబ్బు తేల్చేయకూడదు, ఇంటర్నెట్‌లో తమకు తామే నింపుకొనేవారు ఈ సంగతి మరిచిపోతారు. పైగా ‘నిస్పృహ’ వంటి పుస్తకపు మాటలతో అడిగితే వచ్చే మార్కులకు పెద్ద విలువ ఉండదు.

ఆ తర్వాత ఇతర కారణాలు వెతకాలి. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బీ12 తక్కువ కావడం ఇవే లక్షణాలను చూపవచ్చు. కీళ్ల నొప్పులకని చీటీ లేకుండా తెచ్చుకునే మాత్రల్లో స్టెరాయిడ్ ఉంటే అది కూడా మనసు మీద పనిచేస్తుంది. మన ప్రాంతంలో తప్పక అడగవలసిన ఇంకో ప్రశ్న కల్లు గురించి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. అలవాటు పడినవారు ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం, ఒక్కోసారి ఫిట్స్ రావడం జరుగుతుంది. వారికి ముందుగా అందవలసింది ఆ మత్తు అలవాటుకు చికిత్స.

(దృశ్యం: డాక్టరు గది. రైతు పక్కన ఆయన భార్య.)

మందు రాసే ముందు భార్యను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. “అమ్మా, వరుసగా నాలుగు రోజులో, వారమో ఈయన సరిగా నిద్రపోకుండా కూడా హుషారుగా తిరిగి, ఆగకుండా మాట్లాడి, స్తోమతకు మించి ఖర్చు పెట్టిన కాలం ఏమైనా ఉందా?” ఉందంటే అది బైపోలార్, అంటే అతి హుషారూ కుంగుబాటూ మార్చి మార్చి వచ్చే జబ్బు కావచ్చు. అప్పుడు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మనిషి ఉన్మాదంలోకి మళ్లే ప్రమాదం ఉంది. రోగికి ఆ రోజులు జబ్బుగా గుర్తుండవు, బాగున్న రోజులుగానే గుర్తుంటాయి; అందుకే ఇంటివాళ్లను అడగాలి. బైపోలార్‌కు వాడే లిథియం గుణాన్ని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ వెల్లడించారు. దానిని రక్తపరీక్షలతో కొలుస్తూ వాడాలి. మన ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో దాని మోతాదు పెరిగిపోతుంది.

చావు ఆలోచనల గురించి అడగడానికి చాలామంది జంకుతారు. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. లోపల ఉన్నది బయటికి చెప్పుకొనే వీలు కలుగుతుంది. ఉందని చెబితే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, ఇంట్లోని పురుగుమందును అదే రోజు అక్కడి నుంచి తీసివేసి, జిల్లా ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లాలి. 2022 అక్టోబర్ నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడవచ్చు.

(దృశ్యం: ఆరు వారాల తర్వాత అదే గది.)

మాత్రల ప్రభావం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. నయమైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి. మాత్రతో పాటు రోజుకొక చిన్న పనిని వేళ ప్రకారం చేయించడమూ చికిత్సలో భాగమే. మన రైతుకు పీహెచ్‌క్యూ-9లో మొదటిసారి 17 వచ్చిన మార్కులు ఇప్పుడు 8కి దిగాయి. నొప్పి ఎట్లా ఉందని డాక్టరు అడిగారు.

“మోకాళ్లు అట్లనే ఉన్నయి సార్. పొద్దుగాల మాత్రం ఎడ్లను నేనే ఇడిసిన.”